మధ్యమం మార్చమన్నారు

2019లో మా కాలేజీకి న్యాక్ బృందం, అంటే కాలేజీలను పరిశీలించి గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థవాళ్లు, వస్తోందన్నప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. హైదరాబాద్‌లో డిగ్రీ పిల్లలకు కర్ణాటక గాత్రం చెప్పుకునేదాన్ని. న్యాక్ గ్రేడు ఇచ్చేది కాలేజీ మొత్తానికి, సంగీతానికి విడిగా కాదు. అమెరికాలో సంగీత విద్యాలయాలకే గుర్తింపు ఇచ్చే నాస్మ్ అనే సంస్థ 1924 నుంచీ ఉంది. ఇక్కడ మాత్రం కామర్సు విభాగాన్ని అడిగిన వివరాలే మమ్మల్నీ అడిగేవారు.

అప్పటి పద్ధతిలో ఏడు అంశాలు, మొత్తం 1000 మార్కులు. యూనివర్సిటీకి అనుబంధంగా ఉండే మాలాంటి కాలేజీలకు అందులో 350 బోధన, మూల్యాంకనాలకే. నేను చిక్కుకున్నది అక్కడే. కోర్సు అయ్యేసరికి విద్యార్థికి ఏం వస్తుంది, వచ్చిందని ఎలా చూపిస్తారు? మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలనే తొలి పాఠాలతో మొదలుపెట్టిన పిల్ల మూడేళ్లకు కల్యాణి రాగంలో వర్ణాన్ని రెండు వేగాల్లో పాడుతుంది. అది నా చెవికి తెలుసు. కాగితం మీద మార్కుల మెమో తప్ప ఏమీ లేదు. ఆ రాత్రి పాత హాజరు పట్టీలు తిరగేస్తుంటే మనసంతా బరువెక్కింది. అంతమంది పిల్లలు పాడి వెళ్లారు, ఒక్కరి గొంతూ మా దగ్గర మిగల్లేదు.

మర్నాటి నుంచే ఫోన్‌లో రికార్డు చేయడం మొదలుపెట్టాం. వాళ్లు చూసే గడిచిన అయిదేళ్ల రికార్డింగులు పుట్టించలేం, పుట్టించకూడదు కూడా. ఉన్నవే పెట్టాం: కచేరీ కరపత్రాలు, త్యాగరాజ ఆరాధన ఫొటోలు, తెలుగు విశ్వవిద్యాలయంలో పీజీకి చేరినవాళ్ల కాగితాలు. కోఠిలో కొన్న ఫైళ్లు బల్లకు సరిపోలేదు.

బృందం రెండు రోజులుంది, మా గదిలో ఇరవై నిమిషాలు. ఒక సభ్యురాలు ఫైలు మూసేసి, రెండో సంవత్సరం అమ్మాయిని కల్యాణి పాడమన్నారు. కాస్త ఆలాపన అయ్యాక, ‘‘మధ్యమం మార్చమ్మా’’ అన్నారు. ఆ ఒక్క ‘మ’ స్వరం మారితే కల్యాణి శంకరాభరణం అవుతుంది. ఆ పిల్ల తంబురా శ్రుతి ఒక్క క్షణం విని, శుద్ధ మధ్యమం పట్టుకుని నెమ్మదిగా శంకరాభరణంలోకి దిగింది. నా చేతులు వణికాయి. ఆవిడ ఏదో రాసుకున్నారు.

ఆ తర్వాత అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులు గ్రేడు చూసి, ‘‘అయితే సంగీతం బాగా చెబుతారన్నమాట’’ అనేవారు. అది లైబ్రరీ, ఫలితాలు, పాలన అన్నీ కలిపి కాలేజీకి అయిదేళ్లకు ఇచ్చిన గ్రేడండీ, పాఠం సంగతి తెలియాలంటే ఓ పూట క్లాసులో కూర్చోండి అని చెప్పేదాన్ని. తర్వాత ఒకే పిల్లవి రెండు రికార్డింగులు వినిపించేదాన్ని, మొదటి నెలదీ ఆరో సెమిస్టరుదీ.