బేబీ మానిటర్ తీసేశాం
మా పాపకి మూడో ఏడు వచ్చింది. పాప గదిని కెమెరాతో చూపించే బేబీ మానిటర్‌ని ఈ వారమే తీసేశాం. న్యూజెర్సీ ఇల్లు, పై గదిలో పాప, కింద వంటింట్లో నేను. ఇన్నాళ్లూ ఆ చిన్న స్క్రీన్ పక్కన లేకుండా అన్నం కూడా సరిగ్గా తినలేదు.

నెలల పిల్లగా ఉన్నప్పటి భయం వేరు. కారణం తెలియకుండా నిద్రలోనే హఠాత్తుగా ప్రాణం పోయే ప్రమాదం, సిడ్స్ అంటారు, ఏడాదిలోపు పిల్లలకే. అందులోనూ మొదటి 6 నెలల్లో ఎక్కువ. అందుకే కనీసం 6 నెలలు మన గదిలోనే, విడి తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టమని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. సిడ్స్ రాకుండా మానిటర్‌ని నమ్ముకోవద్దనీ అంటుంది.

ఇప్పుడు పాప తనే మంచం దిగి, తలుపు తీసుకుని, "అమ్మా, నీళ్ళూ" అని గట్టిగా పిలుస్తోంది. గొంతు కిందికి స్పష్టంగా వినిపిస్తోంది. ఇక కెమెరా దేనికి? అది ఉన్నన్నాళ్లూ తను పక్కకి ఒత్తిగిలినా నాకు మెలకువ వచ్చేసేది, టెన్షన్. "ఇంకొన్నాళ్లు ఉంచమ్మా" అన్నారు అత్తయ్య. ఆవిడ ప్రేమ నాకు తెలుసు. జ్వరమొస్తే మళ్లీ పెడతానని మాటిచ్చాను.

నెలల పిల్లలున్నవాళ్లు మానిటర్ వైరు తొట్టికి కనీసం 3 అడుగుల దూరంలో ఉంచండి. మెడకి చుట్టుకునే ప్రమాదం ఉంది.