"మాటమాత్రము సెలవిమ్ము": శతాధిపతి ప్రార్థన, సైనికుల విశ్వాసం

"ప్రభువా, నీవు నా యింటిలోనికి వచ్చుటకు నేను పాత్రుడను కాను, నీవు మాటమాత్రము సెలవిమ్ము, అప్పుడు నా దాసుడు స్వస్థపరచబడును" (మత్తయి 8:8). కతోలిక బలిపూజలో దివ్యసత్ప్రసాదం అందుకునే ముందు విశ్వాసులు పలికే ప్రార్థన ఈ మాటల్లోంచే వచ్చింది. జబ్బుపడిన తన దాసుడి కోసం యేసును వేడుకున్న శతాధిపతి అనే రోమా సైనికాధికారి నోటి మాటతో ఇప్పటికీ ప్రభువు బల్ల దగ్గరికి వెళుతున్నాం.

లూకా 7వ అధ్యాయం కూడా పక్కన పెట్టుకుని చదవండి. ఇతడు మనకు సమాజమందిరం కట్టించాడు, యోగ్యుడు అని యూదుల పెద్దలు సిఫారసు చేస్తారు. అతను మాత్రం ఆ మందిరం ఊసే ఎత్తడు. పొమ్మంటే పోయే, రమ్మంటే వచ్చే సైనికులు అతని చేతి కింద ఉన్నారు. అయినా ప్రభువును వేడుకుంటాడు. ఆజ్ఞకు ఎంత బలముందో, అది ఎక్కడ ఆగిపోతుందో ఆజ్ఞలిచ్చేవాడికి బాగా తెలుసు.

మొదటి ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ సైన్యం సరిగ్గా అక్కడే తప్పటడుగు వేసింది. ఆదివారం చర్చి పరేడ్ తప్పనిసరి. బొత్తాలు, బూట్లు మెరిసేలా తోమాలి, తనిఖీకి నిలబడాలి, తర్వాత కవాతు. ఆరుబయట ఆరాధనైతే దళం మూడు వైపులా బారులు తీరేది, నాలుగో వైపు డ్రమ్ములు పేర్చి బలిపీఠంగా వాడేవారు. విశ్రాంతి దొరకాల్సిన పూట తోముడుకీ తనిఖీకీ పోయేది. వెనక వరుసలకు ప్రసంగం సరిగా వినపడేదే కాదు. మెడలోని గుర్తింపు బిళ్ల మీద ఏ సంఘమో కూడా ముద్ర ఉండేది. చాలామందికి సంఘంతో ఉన్న బంధం ఆ ముద్రే. దీన్ని చూసి సైనికులకు భక్తి లేదనుకోవడం అన్యాయం. 1919లో బ్రిటన్‌లో వెలువడిన పెద్ద పరిశీలన కూడా చెప్పిందిదే: దేవుడి మీద నమ్మకం, ఆపదలో ప్రార్థన విస్తారంగా ఉన్నాయి, సంఘం మాత్రం వాళ్లకు దూరంగా ఉండిపోయింది. తప్పనిసరి పరేడ్ 1946 దాకా కొనసాగింది.

బెల్జియంలోని పొపెరింగెలో, ఈప్రె యుద్ధరంగానికి వెనుక, 1915 డిసెంబరులో ఆంగ్లికన్ సైనిక పాదిరి ఫిలిప్ క్లేటన్ టాల్బట్ హౌస్ అనే సైనికుల విశ్రాంతి గృహం తెరిచారు. అక్కడ హోదాలు గుమ్మం బయటే. కింద టీ, పుస్తకాలు. టోపీ హామీగా పెట్టి పుస్తకం తీసుకెళ్లవచ్చు. పై అటకలో ప్రార్థనాలయం, వడ్రంగి పనిబల్లే బలిపీఠం. మెట్లెక్కమని ఎవరూ ఆజ్ఞాపించలేదు. ముందు వరుసకు వెళ్లబోయేవాళ్లు తమంతట తామే ఎక్కి, మోకరించి, ప్రభు సంస్కారం తీసుకున్నారు. నా దృష్టిలో ఆ యుద్ధంలో సంఘం చేసిన అతి గొప్ప ప్రసంగం ఆ మెట్లే.

శతాధిపతి పలికిన ఈ వాక్యంతో ప్రార్థించేవారు దాన్ని మూడుగా విడదీసుకోవచ్చు. "పాత్రుడను కాను" దగ్గర ఆగి, మీరు చేసిన సేవలన్నీ పక్కన పెట్టండి. "మాటమాత్రము" దగ్గర సూచనలు, గడువులు అడగడం మానండి. చివర "నా దాసుడు" అన్నచోట మరొకరి పేరు చెప్పండి, ఎందుకంటే శతాధిపతి తనకోసం ఏమీ అడగలేదు. తొందరలో ఈ మూడోది వదిలేస్తే ప్రార్థన మళ్లీ మన చుట్టూనే తిరుగుతుంది.

సెలవు మీద వచ్చిన జవాను మీ సంఘంలో కూర్చుంటే, వెంటనే వేదిక మీదికి పిలిచి సాక్ష్యం చెప్పమనకండి. అందరి ముందూ పిలిస్తే అతనికి అది మరో హుకుం అవుతుంది. ఆరాధన అయ్యాక పక్కన కూర్చుని, ఎవరికోసం ప్రార్థించమంటావు బాబూ అని అడగండి. అతను చెప్పే పేరు రాసుకుని, అతను తిరిగి డ్యూటీకి వెళ్లాక కూడా ప్రతి ఆదివారం ఆ పేరెత్తి ప్రార్థించండి.