నిపుణుడి అంకెను ముందు తూచాలి, తర్వాతే లెక్కలో వేయాలి

అణు వ్యర్థాల్లో ఉండే ప్లుటోనియం-239 సగానికి తగ్గడానికి సుమారు 24,100 ఏళ్లు పడుతుంది. అలాంటి వ్యర్థాన్ని రాతిలో పాతిపెట్టాలంటే వేల ఏళ్ల తర్వాతి ప్రమాదానికి ఇవాళే లెక్క కట్టాలి. అంతకాలం ప్రయోగం నడపలేం కాబట్టి నిపుణులను అడుగుతారు. అడగడంలో తప్పేం లేదు. ఎలా అడిగారో రాసిపెట్టకుండా వాళ్లు చెప్పిన అంకెను ప్రమాదం లెక్కగట్టే మోడల్‌లో పడేయడంతోనే గొడవంతా.

మన దేశంలో లోతైన భూగర్భ రిపాజిటరీ, అంటే అణు వ్యర్థాన్ని శాశ్వతంగా పాతిపెట్టే చోటు, ఇంకా లేదు. అయినా వరంగల్ గ్రానైట్‌నే ఉదాహరణగా తీసుకుందాం. అభ్యాసం కోసమే, ఇక్కడేదో కడుతున్నారని కాదు.

"ఇక్కడి రాయిలోంచి నీళ్లు కారతాయా?" అని అడిగితే "పెద్దగా కారవు" అంటారు. దాంతో ఏ లెక్కా సాగదు. "హనుమకొండ దగ్గరి గ్రానైట్‌లో 500 మీటర్ల లోతున, డోలరైట్ డైక్ అంచు నుంచి 10 మీటర్ల దూరంలోపు ప్యాకర్ టెస్ట్ చేస్తే హైడ్రాలిక్ కండక్టివిటీ ఎంత వస్తుంది?" అని అడగాలి. డైక్ అంటే గ్రానైట్‌ను చీల్చుకుని గోడలా గట్టిపడిన నల్లరాయి. ప్యాకర్ టెస్ట్ అంటే బోరులో ఒక భాగాన్ని బిగించి, అక్కడి రాయిలోకి నీళ్లు ఎంత పోతాయో చూడటం. హైడ్రాలిక్ కండక్టివిటీ అంటే రాయి నీటిని ఎంత తేలిగ్గా పోనిస్తుందో చెప్పే కొలత. ఎప్పుడైనా బోరు వేసి కొలవగలిగినదే అడగాలి. పగుళ్లను బట్టి ఈ విలువ లక్షల రెట్లు మారుతుంది, అందుకే జవాబును పది రెట్ల మెట్లలో (పదికి ఘాతాలుగా) తీసుకోవాలి.

ముందు 5 శాతం విలువ (అసలు విలువ దీనికన్నా తక్కువుండే అవకాశం 5 శాతమే), తర్వాత 95, చివర్న 50 అడగండి. మధ్య విలువ ముందు అడిగితే నిపుణుడు దానికే అతుక్కుపోయి అటూఇటూ కాస్త జరుపుతాడు. 95 చెప్పాక ఇంకో మాట: "నిజంగా కొలిస్తే దీనికి పది రెట్లు వచ్చిందనుకోండి, కారణం ఏమై ఉంటుంది?" డైక్ అంచున తెరుచుకున్న పగులు గుర్తొస్తే ఆయనే పరిధి పెంచుతాడు. ఆ కారణాన్ని ఆయన మాటల్లోనే రాసుకోండి, తర్వాత అంకె కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

ఇక తూకం. జవాబు మన దగ్గర ముందే ఉన్న ప్రశ్నలు ఓ పది ఇవ్వాలి, ఉదాహరణకు భూగర్భ జల శాఖ పీజోమీటర్ (నీటిమట్టం కొలిచే బోరు) రికార్డుల నుంచి. 90 శాతం పరిధి, అంటే 5కూ 95కూ మధ్య దూరం, సరిగ్గా చెప్పేవాడికి పది అసలు జవాబుల్లో తొమ్మిది దాని లోపల పడాలి. ఐదో, అంతకన్నా తక్కువో పడితే అది దురదృష్టం అనుకోవడానికి వీల్లేదు: అలా జరిగే అవకాశం పదివేలలో పదహారే. పేరున్నవాళ్లు కూడా ఇక్కడే దొరికిపోతారు, పరిధులు మరీ ఇరుకుగా చెబుతారు. ఒక షరతు మాత్రం ఉంది. పైపొరల బోరు నీళ్లు తెలిసినంత మాత్రాన 500 మీటర్ల లోతు తెలిసినట్టు కాదు, కాబట్టి ప్రశ్నల్లో లోతైన గనుల డేటా కూడా కలపాలి.

2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ మర్నాడు భూకంప ప్రమాదం గురించి అడిగితే అంకెలు పైకి పోతాయి, పదేళ్లు ఏమీ కదలకపోతే కిందికి జారతాయి. అందుకే 1969 భద్రాచలం భూకంపంతో సహా పాత జాబితా మొత్తం ముందుపెట్టి అప్పుడు అడగాలి.

అందరి జవాబులూ కలిపేటప్పుడే అసలు చిక్కు. అమెరికాలో కట్టాలనుకున్న యక్కా మౌంటెన్ రిపాజిటరీని అగ్నిపర్వతం చీల్చే అవకాశంపై 1996 అధ్యయనంలో పదిమంది నిపుణులను అడిగారు. సగటు ఏడాదికి పది కోట్లలో ఒకటిన్నర వచ్చింది. లెక్క నుంచి వదిలేయడానికి హద్దు పది కోట్లలో ఒకటి. వెంట్రుకవాసిలో హద్దు దాటడంతో అగ్నిపర్వతాన్ని వదిలేయడం కుదరలేదు. ఇలాంటి చోట సగటు ఎలా తీశామన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. ఒకరు కోటిలో ఒకటి, ఇంకొకరు వంద కోట్లలో ఒకటి అన్నారనుకోండి. మామూలు సగటు పది కోట్లలో సుమారు ఐదు, గుణోత్తర సగటు (రెండింటినీ గుణించి వర్గమూలం తీస్తే వచ్చేది) పది కోట్లలో ఒకటి. మొదటిది హద్దు దాటింది, రెండోది సరిగ్గా హద్దు మీదే ఆగింది. ఏ సగటు వాడాలో జవాబులు చూడకముందే తేల్చి సంతకం పెట్టించుకోవాలి.

ఒక్కో నిపుణుడి అంకెతో మోడల్ విడిగా కూడా నడపండి. ఒక్కరిని తీసేస్తే ఫలితం తారుమారైతే ఆ సంగతి నివేదిక మొదటి పేజీలోనే ఉండాలి. ఒకే గైడ్ దగ్గర, ఒకే డేటా మీద పనిచేసిన ఇద్దరిని ఇద్దరుగా లెక్కేయకండి.