రిజైన్ చేసే ముందు ఆఫర్ లెటర్ మళ్ళీ తీసి చదవండి

బెంగళూరు మారతహళ్ళిలో నా రూమ్మేట్ పోయిన నెల ఉద్యోగం మానేసి సొంతంగా బిల్లింగ్ యాప్ మొదలుపెట్టాడు. అంతా బాగుందనుకునేలోపే, ఆ కోడ్ తమదేనంటూ పాత కంపెనీ నుంచి లాయర్ నోటీసు. వాడు కోడ్ రాసింది రాత్రి పదకొండు దాటాకే, కానీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో. కమిట్ల (కోడ్‌లో మార్పులు సేవ్ చేసినప్పుడల్లా పడే రికార్డుల) తేదీలన్నీ ఉద్యోగంలో ఉన్న రోజులవే, రెండు ఫైళ్ళ పైన అయితే కంపెనీ పేరే ఉంది, అది చూడగానే నాకే గుండె జారిపోయింది.

1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌కి మొదటి హక్కుదారు కంపెనీయే. మనం నిద్ర మానుకుని రాశామన్నది అక్కడ లెక్కలోకి రాదు. అది ఉద్యోగంలో భాగమా కాదా అన్న దగ్గరే గొడవంతా, ఆఫీసు ల్యాప్‌టాప్ వాడితే మన వాదన అక్కడే బలహీనపడుతుంది. దయచేసి వాడకండి!

ఆఫర్ లెటర్‌లో కనిపించే "మానేశాక రెండేళ్ళు పోటీ వ్యాపారం పెట్టకూడదు" అనే షరతుకి మాత్రం అంత టెన్షన్ అక్కర్లేదు, 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ కింద అలాంటివి మామూలుగా చెల్లవు. నేర్చుకున్న పని మనదే. కంపెనీ కోడూ, రహస్యంగా ఉంచిన కస్టమర్ల లిస్టూ మనవి కావు.

వాడిప్పుడు సొంత ల్యాప్‌టాప్ కొనుక్కుని మొదటి లైను నుంచి మళ్ళీ రాస్తున్నాడు.