నిలబడ్డ బండికి అన్నీ కరెక్టే

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పదకొండేళ్లుగా కార్ల కింద నిలబడి పని చేస్తున్నాను. పైకి చూసి చూసి మెడ పట్టేసి ఉంటుంది. నల్గొండ జిల్లా చండూరు పక్కన మా ఊళ్లో మాత్రం నేను ‘దుబాయ్ ఇంజనీర్’ని. షార్జా వేరు, దుబాయ్ వేరు అని చెప్పడం మొదటి సెలవులోనే మానేశాను. నలభై రోజుల సెలవులో ఎంత లేదన్నా పది బండ్లు నా ముందుకొస్తాయి. ఈసారి మొదటిది మా బావది.

2012 మోడల్ స్విఫ్ట్, డీజిల్. లక్షా అరవై వేలు తిరిగింది.

“ఏడాదిల రెండు టైర్లు మింగింది బామ్మర్దీ. ముందల ఎడమ పక్కదే. నల్గొండల మూడుసార్లు చక్రాల అలైన్‌మెంట్ చేయించిన. కంప్యూటర్ల అన్నీ పచ్చగనే వస్తున్నయి” అంటూ మూడు ప్రింట్లూ జేబులోంచి తీశాడు. పట్టా పాసుబుక్కులో పెట్టుకున్నంత భద్రంగా మడిచి ఉన్నాయి.

బయట నిలబడి చూస్తే అది కొత్త టైరే. స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పితే అసలు సంగతి కనబడింది. లోపలి అంచు రెండు వేళ్ల వెడల్పున గుండు అయిపోయింది. ఇంకో నెల తిరిగితే దారాలు బయటపడేవి. కుడి పక్క టైరు మాత్రం శుభ్రంగా ఉంది.

టైరును కళ్లతో కాదు, అరచేత్తో చూడమని మా ఉస్తాద్ నేర్పాడు. ఆయన పెషావర్ పఠాన్, ముప్పై ఏళ్లుగా అక్కడే ఉన్నాడు. గాలి ఎక్కువుంటే నడిమధ్య అరుగుతుంది, తక్కువుంటే రెండు అంచులూ అరుగుతాయి. షాక్ అబ్జార్బర్లు పోయినా, బ్యాలెన్సింగ్ తప్పినా టైరు చుట్టూ గుంటలు పడతాయి. ఇవి ఎవరైనా చెబుతారు. అంచు ఒక పక్కే అరిగినప్పుడు అడ్డంగా నిమిరి చూడాలి. ఒక వైపు నుంచి నున్నగా, ఎదురు వైపు నుంచి రంపపు పళ్లలా గరుకుగా తగిలితే చక్రం నేరుగా దొర్లకుండా పక్కకి ఈడ్చుకుపోతోందని అర్థం. అది టో. కొందరు నడిచేటప్పుడు పాదాలు లోపలికో బయటికో తిరిగి ఉంటాయి చూడండి, అలాంటిది. గరుకు లేకుండా ఒక అంచు మాత్రమే నున్నగా అరిగితే క్యాంబర్ మీద అనుమానం, అంటే చక్రం తల పక్కకి వాలిందన్నమాట. బావ టైరు చేతికి గరుకుగానే తగిలింది.

నన్ను ఆలోచనలో పడేసింది కుడి పక్క టైరు. తేడా ఒక్క టోలోనే ఉంటే అది ఒక చక్రం మీదే ఉండిపోదు. బండి నేరుగా పోతున్నప్పుడు రెండు చక్రాలూ దాన్ని చెరిసగం పంచుకుంటాయి, టైర్లు రెండూ అరుగుతాయి. ఒకటే అరిగిందంటే ఆ పక్క ఏదో వంగి ఉండాలి, లేదా వదులై ఉండాలి.

జాకీ ఎత్తి చక్రాన్ని అటూ ఇటూ పట్టి ఊపాను. స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ గట్టిగానే ఉంది. పైనా కిందా పట్టి ఊపితే బాల్ జాయింటూ బేరింగూ కూడా బాగానే ఉన్నాయి. బావ ముఖంలో ‘దుబాయ్‌లో ఇదేనా నేర్చుకున్నది’ అన్న చూపు. చక్రం కిందికి దించి, ఆయన్నే సీట్లో కూర్చోబెట్టి, బ్రేక్ సగం తొక్కి ఉంచి ఒకసారి ఫస్ట్ గేరులో, ఒకసారి రివర్సులో కొద్దిగా కదిలించమన్నాను. నేను పక్కన గొంతుక్కూర్చుని చక్రానికీ ఫెండరుకీ మధ్య సందు చూస్తున్నాను. టక్కుమంది. చక్రం బొటనవేలి మందం వెనక్కి జరిగింది. రివర్సులో మళ్లీ టక్కుమని ముందుకొచ్చింది.

లోయర్ ఆర్మ్ వెనక బుష్ పోయింది. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప చెయ్యి లోయర్ ఆర్మ్. అది బాడీకి కలిసేచోట ఉండే రబ్బరు దిమ్మ బుష్. దాంట్లో గడ్డపార మొన పెట్టి తిప్పితే రబ్బరు పగులు నోరు తెరిచింది. బండి మెషీన్ మీద నిలబడి ఉన్నప్పుడు ఆర్మ్ తన చోట తాను ఉంటుంది, అంకెలన్నీ పచ్చగా వస్తాయి. రోడ్డెక్కి బ్రేక్ తొక్కిన ప్రతిసారీ చక్రం వెనక్కి జరిగి బయటికి తిరుగుతుంది. నల్గొండ వాళ్లను తప్పు పట్టలేను. మెషీన్ నిలబడ్డ బండినే చూస్తుంది. కాకపోతే మూడోసారి వచ్చినవాణ్ణి ఒక్కసారన్నా కింద చూడమని అనాల్సింది.

“ఎక్కడన్న గట్టిగ తగిలిందా బావా?”

కొంచెం నసిగాడు. “మొన్న యాసంగిల, రాత్రి పూట, మునుగోడు రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టిన్రు. ఎడమ చక్రం ఎక్కింది.”

“ఎవరి వడ్లు?”

“మనయే.”

అక్క లోపలి నుంచి నవ్వింది. ఆ తర్వాత స్పీడ్ బ్రేకర్ల దగ్గర కిర్రుమంటోందని ఎవరో చెబితే కాలిన ఇంజన్ ఆయిల్ కూడా పోశాడట. చప్పుడు పోయింది. దాంతో పాటు రబ్బరూ పోయింది, నానబెట్టిన శనగలా ఉబ్బి మెత్తబడి. నూనెకీ మామూలు రబ్బరుకీ పడదు.

షార్జాలో ఇంత దూరం రానివ్వరు. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి టెస్టింగ్ ఉంటుంది, టైరు సరిగా లేకపోతే అక్కడే ఆపేస్తారు. ఐదేళ్లు దాటిన టైరు రోడ్డు మీద కనబడితే ఫైన్. అందుకే మా దగ్గర మొదట చదివేది టైరు గోడ మీది నాలుగంకెలు. 3221 అంటే 2021లో 32వ వారం తయారైనదని. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదన్న రూలూ ఉంది. మాది రేకుల షెడ్డు కాబట్టి ఎండ కింద లెక్కకు రాదు. ఆగస్టులో గుడ్డ చుట్టకుండా పానా పట్టుకుంటే చేతికి బొబ్బే.

కొత్త ఆర్మ్ నల్గొండలో దొరికింది. బిగించడానికి చండూరులో ట్రాక్టర్ మెకానిక్ షెడ్డుకి పట్టుకెళ్లాం, అక్కడ గుంత ఉంది కాబట్టి. గుంత ఎందుకంటే, నా మొదటి ఏడాది ఒక పాత కరోలాకి బుష్‌లు మార్చి, బండి లిఫ్టు మీద ఉండగానే, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టులు బిగించేశాను. మూడు నెలలకి కస్టమర్ చిరిగిన బుష్‌లతో తిరిగొచ్చాడు. ఉస్తాద్ తిట్టలేదు. “బండి గాల్లో నడుస్తుందా?” అని మాత్రం అడిగాడు. చక్రాలు వేలాడేటప్పుడు బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుకుంటుంది. బండి కిందికి దిగగానే మెలిపడిపోతుంది, ఇక దొర్లినన్నాళ్లూ ఆ మెలితోనే ఉంటుంది. బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. ఆ రెండు బుష్‌ల డబ్బులు నా జీతంలో పోయాయి. ఆ నెల ఇంటికి తక్కువ పంపి, ఓవర్‌టైమ్ లేదని అబద్ధం చెప్పాను.

బండిని గుంత మీద నిలబెట్టి కింద దూరి బోల్టులు బిగించాను. తర్వాత నాలుగోసారి అలైన్‌మెంట్ చేయించాం. ఈసారి ప్రింటు బావ జేబులో పెట్టుకోలేదు. టైరు అప్పటికే పోయింది కాబట్టి దాన్నీ మార్చక తప్పలేదు.

ఆదివారం పొద్దున చెరువుగట్టు గుడికి పోదామన్నాం. బండి గేటు బయట పెట్టి డోరు తెరిచి నిలబడ్డాను. అమ్మ లోపలి నుంచి వస్తోంది. ఒక చెయ్యి గోడ మీద. గడప దగ్గర ఆగి, చీర కుచ్చిళ్లు పట్టుకుని, ఎడమ మోకాలి కింద చెయ్యి వేసి కాలు ఎత్తి అవతల పెట్టింది. రెండేళ్లుగా ప్రతి శుక్రవారం వీడియో కాల్ చేస్తున్నాను. ప్రతిసారీ అమ్మ మంచం మీదో కుర్చీలోనో కూర్చునే మాట్లాడింది. “మంచిగనే ఉన్న బిడ్డా” అనేది. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి గానీ, మా ఊరి ఫ్లోరైడ్ బోరు నీళ్లు ఆమె యాభై ఏళ్లు తాగింది.

మెట్టు మీద ఆమె చెప్పులు ఉన్నాయి. వంగి ఎడమ చెప్పు చేతిలోకి తీసుకున్నాను. బయటి అంచు కాగితంలా అరిగిపోయి ఉంది. కుడిది కొత్తదానిలానే ఉంది.

“చెప్పులెందుకు పట్టుకున్నవ్ రా, పొద్దు పోతుంది” అంది అమ్మ.

“చెరువుగట్టు మళ్ల పోదాం తియ్యి. ఒకసారి గేటు దాకా నడిచి రా అమ్మా, నేను చూస్త.”