ఉద్యోగం మారేటప్పుడు: ఆఫర్ లెటర్ నుంచి పీఎఫ్ బదిలీ దాకా

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారే క్రమంలో నాకు బాగా తెలిసొచ్చింది ఒకటే. ఇంటర్వ్యూకి ఎంత సిద్ధమవుతామో, కాగితాలకీ అంతే సిద్ధమవ్వాలి. ఆఖరి రోజు సాయంత్రానికల్లా ఆఫీసు మెయిలు, హెచ్‌ఆర్ పోర్టల్ లాగిన్ ఆగిపోతాయి. ఆ తర్వాత ఒక్క పే స్లిప్పు కావాలన్నా ఎవరినో బతిమాలుకోవాలి. అందుకే రాజీనామా మెయిలు పంపకముందే పే స్లిప్పులన్నీ, అపాయింట్‌మెంట్ లెటర్, హైక్ లెటర్లు, ఆరోగ్య బీమా కార్డు సొంత మెయిలుకు చేర్చుకున్నాను. కంపెనీ పని ఫైళ్లు మాత్రం ఒక్కటి కూడా తీసుకోకూడదు. అది మీ సొత్తు కాదు, ఆ డౌన్‌లోడ్ రికార్డులోనూ ఉంటుంది.

ఆఫర్ లెటర్‌లో సీటీసీ (మన మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అంకెను విడగొట్టి చూడాలి. 18 లక్షలని రాసి ఉంటే నెలకు లక్షన్నర అనుకుంటాం. అందులో 10 శాతం వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) అయితే 1.8 లక్షలు పక్కకు పోతాయి. బేసిక్ (మూల వేతనం) సగం, అంటే ఏడాదికి 9 లక్షలు అనుకుందాం. పీఎఫ్ పూర్తి బేసిక్ మీద కట్టే కంపెనీ అయితే వాళ్ల వాటా 12 శాతం, 1.08 లక్షలు. గ్రాట్యుటీ (అయిదేళ్లు పనిచేసి వెళ్లేవాళ్లకు కంపెనీ ఇచ్చే సొమ్ము) పేరున బేసిక్‌లో 4.81 శాతం, 43,290 రూపాయలు. ఇవన్నీ తీసేస్తే నెలకు మిగిలేది దాదాపు 1,22,400. అందులోంచి మళ్లీ మన పీఎఫ్ వాటా 9,000, వృత్తి పన్ను 200, ఆదాయపు పన్ను కోసుకుంటారు. రెండు ఆఫర్లను పోల్చాల్సింది ఈ ఆఖరి అంకెతోనే. జాయినింగ్ బోనస్ ఉంటే, ఎన్ని నెలల్లోపు మానేస్తే తిరిగి కట్టాలో ఆ షరతు కూడా చదవాలి.

పాత కంపెనీలో అయిదేళ్లకు దగ్గరపడినవాళ్లు కాస్త ఆగి లెక్క వేసుకోండి. గ్రాట్యుటీ అంటే ఆఖరి నెల బేసిక్‌ను 15తో హెచ్చించి, 26తో భాగించి, ఏళ్లతో హెచ్చించడం. బేసిక్ 60,000 అయితే అయిదేళ్లకు 1,73,077 రూపాయలు. రెండు మూడు నెలల తొందర కోసం ఇంత వదులుకోవడం నా దృష్టిలో తగదు. కొత్త కంపెనీని జాయినింగ్ తేదీ జరపమని అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు.

నోటీసు విషయంలో అపాయింట్‌మెంట్ లెటర్‌లోని మాటలే లెక్క. 60 రోజులా, 90 రోజులా? ముందే వెళ్తే డబ్బు కట్టి వదిలించుకోవచ్చా, లేక అది మేనేజర్ ఇష్టమా? కట్టేది బేసిక్ మీదా, గ్రాస్ (కోతలకు ముందు మొత్తం జీతం) మీదా? బేసిక్ సగం ఉన్న జీతంలో ఈ ఒక్క మాటకే మొత్తం రెట్టింపవుతుంది. కోసుకున్న నోటీసు సొమ్ము మీద జీఎస్టీ పడదని 2022 ఆగస్టులో కేంద్రం సర్క్యులర్ ద్వారా స్పష్టం చేసింది. ఎవరైనా కలిపితే ఆ సర్క్యులర్ చూపించి అడగండి. రాజీనామా నోటిమాటగా కాకుండా మెయిల్‌లో, ఆఖరి పనిదినం తేదీతో, మేనేజర్‌కీ హెచ్‌ఆర్‌కీ కలిపి పంపాలి. ఆ తేదీని ఒప్పుకుంటూ జవాబు వచ్చేదాకా వదలకూడదు.

మన దగ్గర బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌ను, అంటే కొత్త కంపెనీ మన వివరాలు సరిచూసుకోవడాన్ని, ఎక్కువగా ఆపేది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం, పాన్‌లో పేరు ముందు వెనకలు. డిగ్రీ ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), సీఎంఎం (అన్ని ఏళ్ల మార్కుల మెమో) తీసి అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పీఎఫ్‌లో పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. 2017 అక్టోబర్ 1 తర్వాత వచ్చి, ఆధార్‌తో సరిచూసిన యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబర్) అయితే ఇలాంటి సవరణలు పీఎఫ్ మెంబర్ పోర్టల్‌లో మనమే చేసుకోవచ్చని 2025 జనవరి నుంచి వీలు కల్పించారు. అంతకు ముందుదైతే కంపెనీ ఆమోదం కావాలి కాబట్టి, అక్కడ ఉండగానే చేయించుకోవాలి.

పన్ను దగ్గర దెబ్బ నిశ్శబ్దంగా తగులుతుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా నెలకు లక్ష, అక్టోబర్ నుంచి మార్చి దాకా 1.4 లక్షలు వచ్చాయనుకోండి. పాత కంపెనీ ఏడాదికి 12 లక్షలే, పన్ను పడదు అనుకుని టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే పన్ను) కోయదు. పాత జీతం సంగతి చెప్పకపోతే కొత్త కంపెనీ కూడా 8.4 లక్షలే చూసి కోయదు. కానీ మొత్తం 14.4 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 13.65 లక్షల మీద, 2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త పన్ను విధానం ప్రకారం, సెస్‌తో కలిపి 88,140 రూపాయల పన్ను. రిటర్న్ వేసేరోజు ఇది వడ్డీతో సహా ఒకేసారి మీద పడుతుంది. చేరిన వారంలోనే పాత కంపెనీలో వచ్చిన జీతం, కోసిన పన్ను వివరాలు కొత్త పేరోల్‌కు రాతపూర్వకంగా ఇస్తే నెలనెలా సర్దుకుంటుంది.

కంపెనీ ఆరోగ్య బీమా సాధారణంగా ఆఖరి పనిదినంతోనే ఆగుతుంది. అమ్మానాన్నలకు చికిత్స నడుస్తుంటే రెండు ఉద్యోగాల మధ్య ఖాళీ పెట్టుకోకండి.

పీఎఫ్‌కి వస్తే, కొత్త కంపెనీలో చేరేటప్పుడు డిక్లరేషన్‌లో పాత యూఏఎన్ తప్పక రాయాలి. రాయకపోతే రెండో నంబర్ పుట్టే ప్రమాదముంది. సొమ్ము వెనక్కి తీసుకునే కంటే బదిలీ చేసుకోవడమే మేలు. అయిదేళ్ల సర్వీసు నిండక ముందు తీస్తే పన్ను పడుతుంది. పెన్షన్‌కు కావలసిన పదేళ్ల లెక్క కూడా తెగిపోతుంది. బదిలీ కావాలంటే పాత కంపెనీ నుంచి వెళ్లిన తేదీ పోర్టల్‌లో నమోదై ఉండాలి. వాళ్లు వేయకపోతే, వాళ్లు కట్టిన ఆఖరి నెల తర్వాత రెండు నెలలు దాటాక ‘మార్క్ ఎగ్జిట్’లో ఆధార్ ఓటీపీతో మనమే వేసుకోవచ్చు. ఆ తేదీ రిలీవింగ్ లెటర్‌లోని తేదీతో సరిపోవాలి, కొత్త చేరిక తేదీని దాటకూడదు. 2025 మేకి ముందు, రెండు ఉద్యోగాల తేదీలు ఒక్కరోజు కలిసినా బదిలీ దరఖాస్తు వెనక్కి వచ్చేది. బదిలీ పూర్తయ్యాక కొత్త పాస్‌బుక్‌లో పెన్షన్ కాలమ్ ఖాళీగా కనిపిస్తే కంగారు పడొద్దు. ఆ సొమ్ము పాస్‌బుక్‌లోకి మారదు, సర్వీసు కాలం మాత్రమే కలుస్తుంది. చూసుకోవాల్సింది సర్వీస్ హిస్టరీలో పాత కంపెనీ చేరిన తేదీ, వెళ్లిన తేదీ రెండూ ఉన్నాయా లేదా అన్నది.