ఒంటిచేత్తో చేయగలిగినవే మిగిలాయి

పాప పుట్టాక ఇంటికి ఎవరొచ్చినా నన్ను అడిగే మొదటి ప్రశ్న "పాలు సరిపోతున్నాయా?" అని. రెండోది "ఏం తింటున్నావు?" అని. నిజానికి రెండూ ఒకే ప్రశ్న. కడుపు నాదే, ఆకలి నాదే, లెక్క మాత్రం పాలది. ఇది తింటే పాలు పడతాయి, అది తింటే పాపకు కడుపునొప్పి, ఇంకొకటి తాగితే పాప నిద్రపోదు. నాకు ఆకలి తీరుతోందా, విరేచనం సాఫీగా అవుతోందా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అని అడిగినవాళ్ళు చాలా తక్కువ. అందుకని ఆ ప్రశ్నలు నన్ను నేనే అడుక్కోవడం మొదలుపెట్టాను. కొత్తగా ఏది తిన్నా, ఏ కొత్త అలవాటు చేసుకున్నా ముందు ఒక సంగతి తేల్చుకునేదాన్ని: ఇది పాప కోసమా, నా కోసమా?

దానికి తోడు, ఒకసారికి ఒకే మార్పు అనుకున్నాను. రెండు కలిపి మొదలుపెడితే ఏది పనిచేసిందో, ఏది పడలేదో తెలియదు. ఇంకో నియమం నేను పెట్టుకున్నది కాదు, పాప పెట్టింది. ఒంటిచేత్తో చేయలేని పని ఏదీ మా ఇంట్లో నిలవలేదు.

ముందు ఆకలి సంగతి. పాలిచ్చే తల్లికి రోజుకు మామూలు కంటే దాదాపు 500 కేలరీలు ఎక్కువ ఖర్చవుతాయి. గర్భంతో ఉన్నప్పుడు పేరుకున్న కొవ్వు అందులో కొంత భరిస్తుంది, మిగిలింది తిండిలోంచే రావాలి. కాగితం మీద చిన్న అంకె. అర్ధరాత్రి దాటాక పాప తాగడం మొదలుపెట్టగానే నా గొంతు ఎండిపోయేది, కడుపులో మంట పుట్టేది. అందుబాటులో ఉండేవి బిస్కెట్లే. అవి తిన్న గంటకే మళ్ళీ ఆకలి. అలా కాదని, పడుకునే ముందే మంచం పక్కన ఒక డబ్బా పెట్టుకోవడం మొదలుపెట్టాను. అందులో ఒలిచిన ఉడికిన గుడ్లు, గుప్పెడు బాదం, ఒక అరటిపండు, మూతలో గొట్టం ఉన్న నీళ్ళ సీసా. గుడ్డు మీద అంతకుముందు నాకు పెద్ద ప్రేమ లేదు. కానీ పాలిచ్చే రోజుల్లో కోలిన్ అనే పోషకం రోజుకు 550 మిల్లీగ్రాములు కావాలని, ఒక పెద్ద గుడ్డులోనే దాదాపు 150 దాకా ఉంటుందని తెలిశాక, ప్రేమ లేకపోయినా గౌరవం కలిగింది.

నీళ్ళ గురించి ఒక మాట. దాహం వేసినప్పుడల్లా తాగాలి, నిజమే. అంతకు మించి చెంబులకు చెంబులు బలవంతంగా తాగినంత మాత్రాన పాలు పెరగవు. నాకు పెరిగింది బాత్రూముకు వెళ్ళే పని ఒక్కటే.

పాలు పెంచుతాయంటూ అమ్మే పొడులు, బిస్కెట్లు కూడా రుచి చూశాను. ఒక స్నేహితురాలు ప్రేమగా తెచ్చింది, కాదనలేకపోయాను. అట్టపెట్టె వెనక చదివితే ఓట్స్, అవిసె గింజలు, మెంతులు, వీటన్నిటికంటే ఎక్కువగా చక్కెర. ఓట్స్ మంచివే, ఉత్త ఓట్స్‌గా తిన్నా మంచివే. మెంతుల విషయంలోనే కాస్త ఆగాలి. ఎక్కువ మోతాదులో తింటే చెమటకు ఒక తియ్యటి వాసన వస్తుంది, అది నవ్వుకోవలసిన విషయం. రక్తంలో చక్కెరను తగ్గించే గుణం కూడా దానికి ఉంది, మధుమేహానికి మందులు వాడేవాళ్ళకు అది నవ్వులాట కాదు. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్ళు కూడా డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. ఇంత చేసి పాలు పెరుగుతాయా అంటే, గట్టి ఆధారం లేదు. పాలు పెరగడానికి అన్నిటికంటే నమ్మదగిన దారి రొమ్ము తరచుగా ఖాళీ కావడమే. బిడ్డ ఎంత తాగితే అంత తయారవుతుంది, లోపల నిలిచిపోతే తయారీ నెమ్మదిస్తుంది.

సరిపోతున్నాయో లేదో ఎలా తెలుస్తుందని పిల్లల డాక్టరును అడిగితే ఆవిడ నా పళ్ళెం గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "అయిదో రోజు దాటాక రోజుకు కనీసం 6 సార్లయినా మూత్రం పోస్తోందా? పుట్టినప్పటి బరువు రెండు వారాల్లోపు తిరిగి వచ్చిందా?" అని అడిగారు. రెండూ అవునన్నాను. "అయితే మీరు ఇష్టమైనవి తినండి" అన్నారు. ప్రసవం తరువాత నేను విన్న మాటల్లో ఇంత తేలికైనది మరొకటి లేదు.

ఇష్టమైనవి తినండి అని ఆవిడ అన్నంత సులువుగా అమ్మ అనలేదు. క్యాబేజీ వద్దు, పప్పు వద్దు, వెల్లుల్లి అసలే వద్దు అంది. పప్పు తింటే కడుపులో గాలి చేరేది నిజమే, కానీ నా కడుపులో. పీచు పేగుల్లోనే పులిసి గాలి అవుతుంది, అది రక్తంలోకి, రక్తంలోంచి పాలలోకి వెళ్ళదు. రుచులు మాత్రం వెళతాయి. రుచి, వాసనల మీద పరిశోధనలు చేసే ఫిలడెల్ఫియాలోని మొనెల్ కేంద్రంలో జూలీ మెనెల్లా, గ్యారీ బోషాంప్ 1991లో వెల్లుల్లి మీద ఒక పరిశోధన ప్రచురించారు. తల్లులు వెల్లుల్లి తీసుకున్నాక పాల వాసన మారింది, పిల్లలు రొమ్ము వదలకుండా ఇంకాస్త ఎక్కువసేపు ఉన్నారు. 2001లో మెనెల్లా బృందమే క్యారెట్ రసం మీద చేసిన పరిశోధనలో, గర్భంతో ఉన్నప్పుడో పాలిచ్చేటప్పుడో ఆ రసం తాగిన తల్లుల పిల్లలు, తరువాత క్యారెట్ రుచి ఉన్న ఆహారం పెడితే మిగతా పిల్లలంతగా మొహం చిట్లించలేదు. ఈ సంగతి అమ్మకు చెప్పాను. "నువ్వు పుట్టినప్పుడు నాకు ఇవన్నీ ఎవరూ చెప్పలేదే" అంది. మరుసటి రోజు పప్పు వండింది. వెల్లుల్లి వేయలేదు. కొన్ని ఒప్పందాలు ఒక్కరోజులో కుదరవు.

ఆవు పాల సంగతి వేరు. ఆవు పాలలోని ప్రోటీన్ కొద్దిపాటిగా తల్లిపాలలోకి చేరుతుంది, కొందరు పిల్లలకు అది నిజంగా పడదు. సాయంత్రాల్లో పాప గుక్కపట్టి ఏడ్చేది. అత్తయ్య పాలు, పెరుగు మానేయమన్నారు. డాక్టరు ముందు విరేచనంలో రక్తం గాని, జిగురు గాని కనిపిస్తోందా, ఒంటి మీద గజ్జిలాంటి మచ్చలున్నాయా, బరువు పెరగడం ఆగిందా అని వివరంగా అడిగారు. ఏవీ లేవు. అయినా అనుమానం ఉంటే రెండు నుంచి నాలుగు వారాలు పూర్తిగా మానేసి, తరువాత మళ్ళీ మొదలుపెట్టి చూడాలన్నారు. ఆ మళ్ళీ మొదలుపెట్టడమే అసలు పరీక్ష. చాలామంది మానేసి అక్కడే ఆగిపోతారు, ఏడుపు దానంతటదే తగ్గినా ఘనత పెరుగు మానేయడానికి ఇచ్చేస్తారు. పసిపిల్లల ఏడుపు ఆరో వారం ప్రాంతంలో ఎక్కువై, మూడు నాలుగు నెలలకు తగ్గడం మామూలు. నేను మానేసినప్పుడు తేడా లేదు, తిరిగి మొదలుపెట్టినప్పుడూ తేడా లేదు. పెరుగు తిరిగి వచ్చిన రోజు నాకు పండగ.

కాఫీని నేను వదులుకోలేదు, కొలత మాత్రం మార్చుకున్నాను. ఐరోపా ఆహార భద్రతా సంస్థ పాలిచ్చే తల్లులకు రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాకా ఫరవాలేదంటుంది, అంటే స్థూలంగా రెండు చిన్న కప్పులు. పెద్దవాళ్ళ ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి అయిదు గంటలు పడితే, అప్పుడే పుట్టిన బిడ్డలో మూడు నాలుగు రోజులు పట్టవచ్చు. అందుకని మొదటి నెలల్లో ఒక్క కప్పే, అదీ పాప కడుపునిండా తాగి పడుకున్న వెంటనే. చేపలు కొత్తగా మొదలుపెట్టాను. పాప మెదడుకు, కళ్ళకు పనికొచ్చే డీహెచ్ఏ అనే కొవ్వు కోసం వారానికి రెండుసార్లు, చిన్న రకాలు మాత్రమే. సొరచేప, కత్తిచేప లాంటి పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువ. ఇది పాప కోసం తిన్నదే, ఒప్పుకుంటాను. కానీ రుచి నాకే దక్కింది.

ఇక అసలు నా కోసం అనదగ్గది ఇనుము. బిడ్డను ఎత్తుకుని ఒక అంతస్తు ఎక్కితే గుండె దడదడలాడేది. "బాలింతవు కదా, నీరసం మామూలే" అన్నవాళ్ళే అందరూ. జుట్టు కూడా గుప్పెళ్ళకొద్దీ రాలుతోంది. జుట్టు మాత్రం నిజంగానే మామూలు. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల రాలకుండా ఆగిన వెంట్రుకలు ప్రసవమైన మూడో నెల ప్రాంతంలో ఒక్కసారిగా రాలతాయి, చాలామందికి ఏడాదిలోపు సర్దుకుంటుంది. దడను మాత్రం నేను మామూలు అనుకోదలచుకోలేదు. రక్తపరీక్ష రాయమని డాక్టరును నేనే అడిగాను. హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వలు తెలిపే ఫెరిటిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్. ప్రసవం తరువాత ఏడాదిలోపు కొందరికి థైరాయిడ్ గ్రంథి వాచి, ముందు ఎక్కువగా, తరువాత తక్కువగా పనిచేస్తుంది, దాని లక్షణాలు చాలావరకు నిద్రలేమి లక్షణాల్లాగే ఉంటాయి కాబట్టి తేలిగ్గా కనిపించదు. నాకు థైరాయిడ్ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ మాత్రం ఉండాల్సిన 12కు బాగా దిగువన ఉంది, ఫెరిటిన్ అడుగంటింది.

మాత్రలు రాశారు. వాటిని మింగడంలో కూడా ఒక పద్ధతి ఉంది. కాఫీ, టీలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు, కాల్షియం మాత్ర అడ్డుపడుతుంది, సి విటమిన్ సాయపడుతుంది. కాబట్టి ఇనుము మాత్ర నారింజ రసంతో పొద్దున, కాల్షియం రాత్రి, మధ్యలో కాఫీ. ఆకుకూర మీద నిమ్మరసం పిండుకోవడం కూడా అప్పుడే అలవాటైంది. విరేచనం నల్లగా వస్తుందని ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. గట్టిగా కూడా వస్తుందని ఎవరూ చెప్పలేదు. కుట్లు ఇంకా లాగుతున్న రోజుల్లో అదెంత నరకమో రాయక్కర్లేదు. చియా గింజలు నీళ్ళలో నానబెట్టి ఓట్స్‌లో కలుపుకోవడం అలా మొదలైంది. ఆ గింజలను పొడిగా మింగకూడదు, నీరు పీల్చి ఉబ్బే స్వభావం వాటిది. చూడటానికి కప్ప గుడ్లలా ఉంటాయి, నాలుగు రోజులకు అలవాటు పడ్డాను.

తిండి కాని అలవాట్లలో ఎక్కువ భాగం నిలవలేదు. ధ్యానం నేర్పే యాప్‌లో ఆ గొంతు "గాఢంగా ఊపిరి తీసుకోండి" అనేసరికి పాప లేచేది. డైరీ రాయడానికి రెండు చేతులూ కావాలి. నిలిచినవాటిలో మొదటిది ఎవరికీ కనిపించనిది, కటి కండరాల వ్యాయామం. తుమ్మితే, గట్టిగా నవ్వితే మూత్రం చుక్కలు పడటం ప్రసవమైన ఆడవాళ్ళలో చాలామందికి ఉంటుంది. చాలామంది ప్యాడ్ పెట్టుకుని ఊరుకుంటారు, మాట్లాడరు. దానికి మందు 1948లోనే ఆర్నాల్డ్ కెగెల్ అనే స్త్రీల వైద్యుడు రాసి పెట్టాడు. గాలి పోకుండా ఆపుకున్నప్పుడు లోపల బిగిసే కండరాలనే బిగించి, కొన్ని సెకన్లు ఉంచి, పూర్తిగా వదలాలి. ఊపిరి బిగపట్టకూడదు, పిరుదులు, తొడలు బిగించకూడదు. నాకు వదలడమే కష్టంగా ఉండేది, ఫిజియోథెరపిస్టు చెప్పేదాకా అది కూడా వ్యాయామంలో భాగమని తెలియదు. పాప తాగుతున్నప్పుడల్లా చేసేదాన్ని. ఫలితం మూడు నెలల దాకా తెలియదన్నారు, నిజంగానే తెలియలేదు. ఆ తరువాత ఒకరోజు వరసగా తుమ్మి, ఏమీ జరగలేదని గమనించి మా ఆయనకు గర్వంగా చెప్పాను. ఎలా అభినందించాలో తెలియక చప్పట్లు కొట్టారు.

రెండోది నిద్ర పంపకం. పాప పడుకున్నప్పుడు నువ్వూ పడుకో అన్న సలహా వినడానికి బాగుంటుంది, మరి బట్టలు ఎవరు ఉతుకుతారు? మేము చేసింది వేరు. సాయంత్రం నేను పాలు పిండి ఉంచేదాన్ని, రాత్రి మొదటి మేలుకువ మా ఆయనది. నాకు నాలుగైదు గంటలు ఏకధాటిగా నిద్ర. ఏ పొడీ, ఏ గింజా నాకు ఇవ్వనంత బలం ఇది ఇచ్చింది.

ఇంకొకటి, దీన్ని అలవాటు అనవచ్చో లేదో. టీకాల రోజున నర్సు ఒక కాగితం ఇచ్చారు. ప్రసవం తరువాత వచ్చే డిప్రెషన్‌ను పసిగట్టడానికి వాడే ఎడిన్‌బరో ప్రమాణం అంటారు, 1987 నుంచి వాడుకలో ఉంది, గడచిన 7 రోజులు ఎలా గడిచాయో అడిగే 10 ప్రశ్నలు, మొత్తం 30 మార్కులు, ఎక్కువ వస్తే దిగులు ఎక్కువని. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి అవునని వస్తే మొత్తం ఎంతైనా వెంటనే డాక్టరుతో మాట్లాడాలి. నాకు ఆ ప్రశ్నకు సున్నా, మొత్తం మాత్రం 11. రెండు వారాల తరువాత మళ్ళీ నింపమన్నారు. ప్రసవమైన మొదటి రెండు వారాల్లో వచ్చే ఊరికే ఏడుపు వేరు, అది పోతుంది. అది పోకపోతే తిండి మార్చి సరిచేయగలిగేది కాదని నర్సు స్పష్టంగా చెప్పారు. నిద్ర పంపకం మొదలైంది ఈ మధ్యలోనే, రెండోసారి మార్కులు 6కు దిగాయి. ఏది దేనివల్లో ఈసారి నేను విడదీయలేను.

ఇప్పుడు హిమోగ్లోబిన్ 12 దాటింది. నిల్వలు నిండడానికి మాత్రలు ఇంకో 3 నెలలు కొనసాగించమన్నారు. రోజూ పాపను బండిలో వేసుకుని నడుస్తున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాలు ఒకే వారంలో ఇంతవరకు అందుకోలేదు. పరుగు మొదలుపెట్టాలని ఉంది, ఫిజియోథెరపిస్టు మాత్రం ముందు ఒంటికాలిపై నిలబడి చూపించమంటున్నారు.